కళ్ళ కింద మూడు షిఫ్టులు

మన పత్రికల స్త్రీల పేజీల్లో ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి అచ్చవుతున్న చిట్కా ఒకటుంది. కళ్ళ కింద నల్లటి వలయాలు తగ్గాలంటే బంగాళాదుంపనో కీరదోసనో చక్రాల్లా తరిగి, కళ్ళ మీద పెట్టుకుని పదిహేను నిమిషాలు కదలకుండా పడుకోవాలి. తర్వాత చల్లటి నీళ్ళతో కడుక్కోవాలి. చివర్లో దాదాపు ప్రతిసారీ ఒక వాక్యం ఉంటుంది: రోజుకు ఎనిమిది గంటలు నిద్రపోవడం మరచిపోకండి.

ఈ చిట్కా చదివినప్పుడల్లా నా దృష్టి బంగాళాదుంపను దాటి ఆ పదిహేను నిమిషాల దగ్గర ఆగిపోతుంది. బెల్లంపల్లిలో నేను పెరిగిన క్వార్టర్ల వరసలో పట్టపగలు కళ్ళు మూసుకుని పదిహేను నిమిషాలు వెల్లకిలా పడుకోగలిగిన ఆడమనిషి ఎవరా అని ఆలోచిస్తే, పచ్చి బాలింతలు తప్ప ఇంకెవరూ గుర్తుకురారు. నిద్ర మరచిపోవడం అనే మాట కూడా నాకు వింతగానే ఉంటుంది. వాళ్ళెవరూ నిద్రను మరచిపోలేదు. అది వాళ్ళ చేతిలో లేదు. వాళ్ళ కళ్ళ కింది నలుపుకు ఒక చరిత్ర ఉంది. ఎవరు ఏ వేళ నిద్రపోయారు, ఎవరి నిద్ర కోసం ఎవరు మేలుకుని కూర్చున్నారు అన్న లెక్క అది. బొగ్గు చరిత్ర రాసినవాళ్ళు ఆ లెక్క రాయలేదు.

రాసిన చరిత్ర మనకు తెలిసిందే. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు వచ్చింది. 1920ల చివర బెల్లంపల్లిలో గనులు తెరిచారు. 1945లో కంపెనీ నిజాం ప్రభుత్వం చేతికొచ్చింది. ఈ చరిత్రలో టన్నులున్నాయి, వాటాలున్నాయి, సమ్మెలు కూడా ఉన్నాయి. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చాక, తెలంగాణ పోరాటాన్ని ఆడవాళ్ళ నోట విన్నాక, అడిగే ప్రశ్న మారితే చరిత్రే మారుతుందని మనలో చాలామందికి అర్థమైంది. నేను బెల్లంపల్లికి పోయినప్పుడల్లా పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చాను: అప్పట్లో మీరు ఎప్పుడు పడుకునేవాళ్ళు?

మా పక్క క్వార్టరు పెద్దమ్మ నవ్వింది. "నిద్రనా బిడ్డా? మీ పెద్దబాపు రిటైరైనంకనే నేను నిద్రపోయిన."

ఇది ఊరికే అన్న మాట కాదు. లెక్క వేసి చూస్తే సరిగ్గా సరిపోతుంది. మా దగ్గర గనిని 'బాయి' అంటారు. బాయికి మూడు షిఫ్టులు. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం మూడు, మూడు నుంచి రాత్రి పదకొండు, పదకొండు నుంచి మళ్ళీ పొద్దున ఏడు. వారానికోసారి షిఫ్టు మారుతుంది. ఫస్టు షిఫ్టు వారంలో ఆమె తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి. బయట బొగ్గు పొయ్యి రాజెయ్యాలి. అది ఒక్క పుల్లకు అంటుకునేది కాదు. కట్టెపేళ్ళు, పిడకలు పెట్టి, విసురుతూ, పొగ తగ్గి కణకణలాడేదాకా కాచుకోవాలి. నీళ్ళు కాగాలి, అన్నం కూరా కావాలి, టిఫిన్ డబ్బా కట్టాలి. సెకండ్ షిఫ్టు వారంలో అతను ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. మళ్ళీ నీళ్ళు కాగాలి, అన్నం వేడి చేయాలి. అతను తిని పడుకున్నాక గిన్నెలు కడిగి ఆమె నడుం వాల్చేసరికి ఒంటిగంట. పొద్దున పిల్లల బడి ఎవరి షిఫ్టు కోసమూ ఆగదు. ఇక నైటు షిఫ్టు వారం. రాత్రి అతను లేడు కాబట్టి ఆమె నిద్రపోవచ్చని అనుకుంటాం. పగలు అతను పడుకోవాలి. ఇల్లు చూస్తే ఒక గది, ఒక వంటగది. గిన్నె చప్పుడు కాకూడదు, పిల్లలు ఏడవకూడదు, రేడియో పెట్టకూడదు. చంటిపిల్లను చంకనేసుకుని ఆమె వేపచెట్టు కిందికో, ఫస్టు షిఫ్టుకు మొగుడు పోయిన పక్కింటి అరుగు మీదికో పోయి కూర్చునేది. నైటు షిఫ్టు వారమంతా ఆడవాళ్ళు ఇళ్ళ బయటే బతికేవాళ్ళు. బియ్యం ఏరడం, తలలు దువ్వుకోవడం, కూర తరగడం అన్నీ అక్కడే. చూసేవాళ్ళకు అది తీరిక కబుర్లలా కనిపించేది. ఆడవాళ్ళకు పనీపాటా లేదని మా వీధిలో మగవాళ్ళు అనడం నేను విన్నాను కూడా.

మూడు వారాల చక్రంలో మగవాడి రాత్రినిద్ర పూర్తిగా పోయేది ఒక్క వారం. అందుకు బదులు పగటినిద్ర దొరికేది. ఆమె నిద్ర మూడు వారాల్లోనూ తెగిపోయేది, బదులు ఏమీ లేదు. ఇంట్లో ఎదిగిన కొడుకు కూడా కొలువులో చేరి వేరే షిఫ్టులో పడ్డాడంటే ఆ ఇంట్లో పొయ్యి ఆరేదే కాదు.

తర్వాత బెల్లంపల్లిలోని గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఊళ్ళో సందడి పోయిందని, బజారు పడిపోయిందని అందరూ చెప్తారు. బెల్లంపల్లి ఏరియా అన్న పేరుంది గానీ ఏరియా కార్యాలయం గోలేటిలో ఉంది. నడిచిపోయే దూరంలో బాయి ఉన్న రోజుల్లో నాలుగింటికి లేచిన ఆడవాళ్ళు, మగవాళ్ళు మందమర్రికీ శ్రీరాంపురానికీ బస్సెక్కి పోవాల్సి వచ్చినప్పటి నుంచి మూడున్నరకు లేవడం మొదలుపెట్టారు. ఆ అరగంట కూడా గనుల మూసివేత ఖర్చే. దాన్ని ఎవరూ ఏ పద్దులోనూ రాయలేదు.

లేవడం, వండడం ఒకటైతే, భయం ఇంకొకటి. సైరన్ వేళకు మోగితే అది గడియారం. వేళ తప్పి మోగిందంటే ఆడవాళ్ళంతా చేతిలో పని చేతిలోనే వదిలి వీధిలోకి వచ్చేవాళ్ళు. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో బాయి ఎల్ఈపీలోకి నీళ్ళు వచ్చిపడి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ వార్త విన్న రాత్రి మా అమ్మ పడుకోలేదు. మా బాపు అప్పటికే కొలువు దిగి ఇంట్లోనే ఉన్నాడు, ఆమె పక్కనే నిద్రపోతున్నాడు. అయినా పడుకోలేదు. "మొగోడు బాయిల దిగిండంటే మళ్ల పైకొచ్చేదాక కండ్లు మూతపడయి" అని పెద్దమ్మ చెప్పింది. ముప్పై ఏళ్ళ అలవాటు కొలువు దిగినంత మాత్రాన దిగిపోదు మరి.

బొగ్గు పొయ్యి పొగ గురించి ఇంకో మాట చెప్పాలి. పొగకు కళ్ళు మండితే కొంగుతో ఒత్తుకుంటాం, నలుపుకుంటాం. రోజూ అలా నలిపితే ఆ పల్చటి చర్మంలో రంగు పేరుకుని నల్లబడుతుందని చర్మవైద్యులు చెప్తారు. ఎలర్జీ ఉన్నవాళ్ళకూ ఇదే జరుగుతుంది. అంటే కంపెనీ ఇచ్చిన బొగ్గు బాయిలో మగవాళ్ళ ఊపిరితిత్తుల మీద పని చేస్తే, ఇంట్లో ఆడవాళ్ళ కళ్ళ మీద పని చేసింది. గ్యాసు వచ్చాక పొగ తగ్గింది. వేళలు మాత్రం మారలేదు.

బాయి నుంచి వచ్చిన మగవాళ్ళ కళ్ళు చూసినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. ఎంత సబ్బు పెట్టి రుద్దుకున్నా రెప్పల అంచున సన్నటి నల్లగీత మిగిలిపోతుంది. మా అమ్మ గుడ్డ కొసను కొబ్బరినూనెలో ముంచి ఆ గీతను తుడిచేది. ఆమె తన కాటుకను మాత్రం తనే పట్టుకునేది. గుంటగలగరాకు రసంలో ముంచి ఆరబెట్టిన గుడ్డను వత్తి చేసి, ఆముదం దీపం వెలిగించి, పైన ఇత్తడి పళ్ళెం బోర్లించి, పట్టిన మసిని ఆముదపు చుక్కతో రంగరించి భరిణెలోకి తీసేది. బొగ్గూ మసీ రెండూ కర్బనమే. ఒకటి అతని కంటి అంచున చేరితే కష్టం, ఇంకొకటి ఆమె కంటి అంచున చేరితే అందం. ఆమె కంటి కింద ఉన్న మూడో నలుపు మాత్రం అటు కష్టంగానూ లెక్కకు రాలేదు, ఇటు అందంగానూ రాలేదు. దానికి లోపం అని పేరుపెట్టారు.

మగవాడి కంటి జబ్బుకు ఒక పేరూ ఒక చట్టమూ దొరికాయి. బ్రిటన్‌లో మసక దీపాల వెలుగులో ఏళ్ళ తరబడి బొగ్గు కొట్టిన కార్మికులకు కనుగుడ్లు తమంతట తామే ఊగిసలాడే జబ్బు వచ్చేది. నిస్టాగ్మస్ అన్నారు. 1907 నుంచి అక్కడ దానికి నష్టపరిహారం ఇచ్చారు. మంచి దీపాలు వచ్చాక ఆ జబ్బు తగ్గింది. కారణం కనిపెట్టారు, కారణాన్ని మార్చారు, జబ్బు పోయింది. కార్మికుడి కళ్ళను అలా చూడగలిగినవాళ్ళు, అతనికి డబ్బా కట్టిన మనిషి కళ్ళను అలా చూడలేదు.

చూడమని అడిగిన ఆడవాళ్ళు లేకపోలేదు. 1919లో బ్రిటన్ బొగ్గు పరిశ్రమ మీద వేసిన సాంకీ కమిషన్ ముందు వేల్స్‌లోని రోండా లోయ నుంచి వచ్చిన ఎలిజబెత్ ఆండ్రూస్ సాక్ష్యం చెప్పింది. ఆమెతో పాటు ఇంకా ఇద్దరు గని కార్మికుల భార్యలు కూడా చెప్పారు. వాళ్ళు అడిగింది గని దగ్గరే స్నానపు గదులు కట్టమని. మగవాడు గని దగ్గరే కడుక్కుని వస్తే ఇంట్లో ఆడది బరువైన నీళ్ళ కాగులు ఎత్తి దించి నడుములు విరగ్గొట్టుకునే పని తప్పుతుందని. ఇది చదివినప్పుడు నాకు రోండా, బెల్లంపల్లి పక్క పక్క బస్తీల్లా అనిపించాయి. మన దేశంలోనూ బొగ్గు గనుల స్నానశాలలకు 1959లో నిబంధనలు వచ్చాయి. మా బాపు మాత్రం ఆఖరిదాకా ఇంటికొచ్చే స్నానం చేశాడు. కాగిన నీళ్ళు వాకిట్లో ఉండాల్సిందే.

అదే 1919లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి సమావేశం జరిగింది. పరిశ్రమల్లో స్త్రీల చేత రాత్రిపూట పని చేయించకూడదని, వాళ్ళకు వరసగా పదకొండు గంటల విశ్రాంతి ఉండాలని ఒడంబడిక చేసింది. మన 1952 గనుల చట్టం 46వ సెక్షన్ కూడా ఆ దారిలోనే ఉండేది. దాని ప్రకారం స్త్రీలను భూగర్భంలోకి దింపకూడని నియమం ఉండేది. పైన పని చేసినా ఉదయం 6కూ సాయంత్రం 7కూ మధ్యనే చేయాల్సి ఉండేది. ఒక రోజు పనికీ మరుసటి రోజు పనికీ మధ్య కనీసం పదకొండు గంటల ఎడం ఇవ్వాల్సి ఉండేది. ఆ పదకొండు గంటలు చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. స్త్రీకి రాత్రి విశ్రాంతి అవసరమని చట్టానికి తెలుసు. ఆమె కూలి తీసుకునే చోట ఉన్నప్పుడే ఆ అవసరం చట్టం కంటపడింది. కూలి లేని చోట ఆమె నాలుగింటికి లేచినా మూడింటికి లేచినా అది పని కాదు కాబట్టి విశ్రాంతి ప్రశ్నే రాలేదు. ఒకప్పుడు మన దేశపు బొగ్గు గనుల్లో భూగర్భంలో కూడా వేలాది స్త్రీలు పని చేశారు. వాళ్ళను కాపాడతామని బయటికి పంపారు. బయటికి వచ్చినవాళ్ళకు పగటి కూలి పోయింది, రాత్రి చాకిరీ ఎక్కడికీ పోలేదు. 2019లో కేంద్రం చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటి పనుల్లో పాలుపంచుకున్నవాళ్ళలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళు. ఇంతా చేసి ఆ చిట్కాకు కావలసింది పదిహేను నిమిషాలే.

ఇక చిట్కాల సంగతి. నేను వాటిని ఎగతాళి చేయడం లేదు. చల్లటి గుడ్డ గానీ, చల్లబరిచిన టీ పొట్లం గానీ, కీరదోస గానీ కళ్ళ మీద పెడితే రక్తనాళాలు కాసేపు కుంచించుకుంటాయి, వాపు తగ్గుతుంది, హాయిగా ఉంటుంది. ఆ మేలు కొన్ని గంటల మాటే. అందులో చల్లదనం చేసేదే ఎక్కువ. కొందరు నిమ్మరసం రాయమంటారు. అది మాత్రం వద్దు. కంటి కింది చర్మం ఒంట్లోకెల్లా పల్చనిది, మండి పుండై ఇంకా నల్లబడుతుంది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే తెల్లబరిచే క్రీముల్లో స్టెరాయిడ్లు కలిసినవి ఉంటాయి. 2018లో కేంద్రం ఇలాంటి పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కట్టడి చేసింది. వాటిని కంటి దగ్గర నెలల తరబడి రాస్తే కంట్లో ఒత్తిడి పెరిగి చూపుకే ముప్పు. బజారులో దొరికే కొన్ని సుర్మాల్లో సీసం ఉంటుంది. మా అమ్మ పళ్ళెం మీద పట్టిన మసిలో సీసం కలిసే దారి లేదు.

ఇంకో సంగతి కూడా నిదానంగా చెప్పుకోవాలి. కళ్ళ కింది నలుపంతా అలసటది కాదు. మన ఛాయ మనుషుల్లో కళ్ళ చుట్టూ రంగు ముదురుగా ఉండడం చాలా ఇళ్ళలో తల్లి నుంచి బిడ్డకు వచ్చేదే. కొందరికి ముఖంలోని ఎముక తీరు వల్ల కంటి కింద చిన్న పల్లం ఉండి నీడ పడుతుంది. వాటికి మందు అక్కరలేదు, అవి జబ్బులు కావు. మార్కెట్టు ఈ రెండు నలుపులనూ ఒకే సీసాలో పోసి అమ్ముతోంది. అమ్మమ్మ ఇచ్చిన రంగును లోపమంటుంది. షిఫ్టులు తెచ్చిన అలసటను ఒక క్రీముతో పోయే మరక అంటుంది. మొదటిది మనకు మన రంగు మీద అసహ్యం నేర్పుతుంది, రెండోది మన అలసటకు కారణం ఎవరో అడగనివ్వదు. చదువుకున్న మనం కూడా సభకు పోయే ముందు అద్దంలో చూసుకుని పౌడరు ఇంకాస్త అద్దుకోవడం నాకు తెలియనిది కాదు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, రక్తహీనత. రక్తం తక్కువైనవాళ్ళ ముఖం పాలిపోయి కళ్ళ కింది నలుపు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. డాక్టరు దగ్గరికి పోతే మొదట వేలితో కింది రెప్పను కిందికి లాగి లోపల ఎర్రగా ఉందా తెల్లగా ఉందా చూస్తారు. మనం ఏ చోట క్రీము రాస్తామో సరిగ్గా దానికి అంగుళం లోపలే అసలు సంగతి ఉంటుంది. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకు ముందు సర్వేలో 56.6 శాతం. అంటే తగ్గలేదు. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకూడదు. ఇంట్లో చేయగలిగిన చికిత్స ఏదైనా ఉందంటే ఇక్కడే ఉంది: పరీక్ష చేయించుకోవడం, అవసరమైతే ఇనుము మాత్రలు వేసుకోవడం, ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకోవడం, అన్నం తిన్న వెంటనే టీ తాగకపోవడం. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే మనిషికి ఆకుకూర ఎంత మిగులుతుందన్నది మళ్ళీ వేరే ప్రశ్న.

మా వరసలో ఆడవాళ్ళు తమకు తామే కనిపెట్టుకున్న వైద్యం ఒకటి ఉండేది. దాన్ని నేను ఏ పత్రికలోనూ చదవలేదు. నైటు షిఫ్టు వారంలో ఇంటి బయట ఉండాల్సినవాళ్ళు వంతులు వేసుకునేవాళ్ళు. ఒకరి పిల్లలను ఇంకొకరు చూస్తే, ఆ ఒకరు ఫస్టు షిఫ్టు ఇంట్లో, అంటే మధ్యాహ్నం మూడు దాకా మగవాళ్ళు లేని ఇంట్లో, లోపలి నుంచి గొళ్ళెం పెట్టుకుని గంటసేపు పడుకునేది. ఎవరైనా వచ్చి అడిగితే "బీడీల ఆకు తేనీకి పోయింది" అని చెప్పేవాళ్ళు. పడుకుందని చెప్పకూడదు. మంచాన పడితే తప్ప ఆడది పగలు పడుకుందంటే ఆ ఇంటికి పరువు తక్కువ. కాబట్టి ఆ నిద్ర దొంగనిద్ర. "గా గంట నిద్రకు కండ్ల కింద తేటగయ్యేది" అని పెద్దమ్మ అంది. ఎవరెవరి ఇంట్లో ఎవరు పడుకున్నారో ఆమెకు ఇప్పటికీ గుర్తే. పేర్లతో సహా చెప్పింది. అందులో మా అమ్మ పేరు కూడా ఉంది. అమ్మ ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

2019 జనవరిలో కేంద్రం గనుల చట్టం నుంచి కొన్ని సడలింపులు ఇచ్చింది. స్త్రీలు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గని పైభాగంలో రాత్రి షిఫ్టు చేయవచ్చని, సాంకేతిక, పర్యవేక్షక పనుల్లో పగటిపూట భూగర్భంలోకి దిగవచ్చని చెప్పింది. నేను దాన్ని స్వాగతించేదాన్నే. బాయిలోకి దిగే హక్కు కోసం ఆడపిల్లలు మైనింగ్ చదివి ఎన్నేళ్ళు ఎదురుచూశారో తెలుసు. తండ్రి చనిపోతే వారసత్వ కొలువు వచ్చిన ఒకమ్మాయి మా వీధిలోనే ఉంటుంది. గని పైన పని, ఫస్టు షిఫ్టు. ఆరింటికి బస్సెక్కాలి. ఆమె డబ్బా ఎవరు కడతారని అడిగాను.

"మా అత్తమ్మ కడ్తది మేడమ్. నాలుగింటికే లేస్తది పాపం."

అత్తమ్మకు అరవై దాటాయి. ముప్పై రెండేళ్ళు మొగుడికి డబ్బా కట్టిందట. నేను పోయేసరికి గడప మీద కూర్చుని మునగాకు దూస్తోంది. నువ్వు పగలు పడుకుంటావా అవ్వా అని అడిగితే, ముందు చుట్టూ చూసింది.